పాత కారు నడవాలి
నెలల తరబడి కదలని పాత కారులో పెట్రోలు జిగురై కార్బురేటర్ జెట్లను మూసేస్తుంది, బ్రేకు సిలిండర్ల రబ్బర్లు బిగుసుకుపోతాయి, బ్యాటరీ దిగిపోతుంది. కనుక బాగుచేసిన బండిని తరచూ నడపడం కూడా పునరుద్ధరణలో భాగమే. ఆరో నిజాం కోసం తయారైన పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌కు చౌమహల్లా ప్యాలెస్‌లో ఆశ్రయం దొరికింది. ఫియట్ 1100కో, తొలితరం అంబాసిడర్‌కో ఆ భాగ్యం లేదు. వాటిని కాపాడేది అభిరుచి ఉన్నవాళ్లే, దొరకని భాగాన్ని లేత్ మీద చేయించుకునే ఓపికే. 2021 జూలైలో కేంద్రం 50 ఏళ్లు దాటిన వాహనాలను వింటేజ్‌గా గుర్తించి, నంబరు ప్లేటులో ‘వీఏ’ అక్షరాలు కేటాయించింది. ఛాసీ, బాడీ, ఇంజిన్‌లను గణనీయంగా మార్చిన వాటికి ఆ గుర్తింపు రాదు.  అసలు రూపు నిలవాలంటే ఇది సబబైన షరతు. రోజువారీ వాడకం కూడదన్న నిబంధన ఉన్నా ర్యాలీలకు అనుమతి ఉంది. దాన్ని నిండుగా వాడుకోవాలి. అయితే కోకాపేట మీదుగా సాగే ఔటర్ రింగ్ రోడ్డుపై గరిష్ఠ వేగం గంటకు 120 కిలోమీటర్లు, డ్రమ్ బ్రేకుల బండికి అది ప్రమాదం. ఆదివారం పొద్దున్నే పక్కనున్న సర్వీసు రోడ్డే నయం. నలుగురు కలిసి బయలుదేరితే, ఒకరి బండి ఆగినా మరొకరి డిక్కీలో ఫ్యాన్ బెల్టో, కాంటాక్ట్ పాయింట్లో దొరుకుతాయి.