మతిభ్రమణం – మనిషి చుట్టూ ఉన్న కారణాలు

ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే మరునాటికల్లా ఆసుపత్రికి తీసుకువెళతాము. అదే మనిషి నిద్ర మాని, ఎవరూ లేనిచోట ఎవరితోనో మాట్లాడుతూ, అయినవారినే అనుమానిస్తూ ఉంటే నెలల తరబడి దాచిపెడతాము. గాలి సోకిందంటాము, గిట్టనివారు ఏదో చేయించారంటాము. పెళ్ళి కావలసిన పిల్లలున్న ఇంట్లో ఈ దాపరికం మరీ ఎక్కువ. వైద్యం ఆలస్యమైన కొద్దీ కోలుకోవడం కష్టమవుతుంది. కనుక రోగికి మనవారే తెలియక చేసే పెద్ద నష్టం ఈ ఆలస్యమే.

వైద్యులు దీనిని సైకోసిస్ అంటారు. స్కిజోఫ్రీనియా ఈ కోవకు చెందినదే. లేని మాటలు వినిపించడం, లేని కుట్రలు ఉన్నాయని గట్టిగా నమ్మడం దీని ముఖ్య లక్షణాలు. ఎక్కువమందిలో ఇది యౌవనంలో తల ఎత్తుతుంది. వంశపారంపర్యానికి ఇందులో పాత్ర ఉన్నది. గంజాయి అలవాటు ప్రమాదాన్ని పెంచుతుంది. వీటితోపాటు మనిషి బ్రతికే పరిసరాలకూ పాత్ర ఉన్నదని శాస్త్రజ్ఞులు చాలాకాలంగా గమనిస్తున్నారు.

నార్వే నుంచి అమెరికాలోని మిన్నెసోటాకు వలస వెళ్ళినవారిలో ఈ జబ్బు స్వదేశంలోని వారికంటే ఎక్కువగా ఉన్నదని ఓడెగార్డ్ అనే వైద్యుడు 1932లో వెల్లడించారు. వలస వెళ్ళేవారి స్వభావంలోనే లోపం ఉండవచ్చునని అప్పట్లో భావించారు. కాని వలస కుటుంబాలకు కొత్త దేశంలో పుట్టిన బిడ్డలలో కూడా ప్రమాదం ఎక్కువేనని తరువాత ఐరోపాలో జరిగిన అధ్యయనాలు తెలిపాయి. అందువలన ఒంటరితనం, వివక్ష వంటి కారణాలపై దృష్టి మళ్ళింది.

పేదరికం విషయంలో ఒక చిక్కు ఉన్నది. షికాగో నగరంలో పేదవాడలలో రోగులు ఎక్కువని 1939లో ఫారిస్, డన్‌హామ్ చూపారు. అయితే బ్రిటన్‌లో గోల్డ్‌బర్గ్, మోరిసన్ 1963లో రోగుల తండ్రుల ఉద్యోగాలను పరిశీలించగా, అవి తక్కిన జనాభాలోని వారి ఉద్యోగాల వంటివేనని తేలింది. అనగా జబ్బు వలన కూడా మనిషి క్రింది మెట్టుకు జారిపోతాడు. పేదరికం కొంత కారణం, కొంత ఫలితం అన్నమాట.

పల్లెలకు ఈ బాధ లేదనుకోవడం పొరపాటు. తూర్పు ఇంగ్లండులోని గ్రామీణ ప్రాంతాలలో 2009–2013 మధ్య జరిగిన అధ్యయనంలో మొదటిసారి సైకోసిస్ వచ్చిన 687 మంది యువతీయువకులను గుర్తించారు. లేమి ఎక్కువగా ఉన్న చోట్ల జబ్బు కూడా ఎక్కువగా కనిపించింది. మన దేశంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ చండీగఢ్ నగరంలోను, దాని సమీప గ్రామాలలోను సర్వే జరిపించగా, గ్రామాలలో కొత్తగా జబ్బు పడినవారి నిష్పత్తి నగరం కంటే తక్కువగా లేదు.

ఈ విషయం కిరండూల్‌లో మనము ప్రత్యేకంగా ఆలోచించదగినది. 1960లలో కొత్తవలస నుంచి ఇక్కడికి రైలుమార్గం వేశారు. 1968లో బైలదిలా 14వ నిక్షేపంలో ఉత్పత్తి మొదలైనది. ఆ రైలుమార్గం వెంట ఎన్నో తెలుగు కుటుంబాలు బంధువులను, సొంత ఊరిని విడిచి వచ్చాయి. కొండ క్రింది ఆదివాసీ గ్రామాలలో అడవి మీద ఆధారపడిన బ్రతుకు ఒక్క తరంలోనే మారిపోయింది. 2005 తరువాతి ఘర్షణల వలన ఊళ్ళు విడిచిన కుటుంబాలు కూడా ఈ జిల్లాలో ఉన్నాయి. ఈ పరిస్థితులలో ఉన్నవారందరికీ జబ్బు వస్తుందని అర్థం కాదు. వేయిమందిలో కొద్దిమందికే వస్తుంది. కాని ఆ కొద్దిమందికి మన అండ ఎక్కువ అవసరం.

నిమ్‌హాన్స్ సంస్థ 2015–16లో ఛత్తీస్‌గఢ్‌తో సహా 12 రాష్ట్రాలలో సర్వే జరిపింది. సైకోసిస్ ఉన్నవారిలో సుమారు నలుగురిలో ముగ్గురికి వైద్యం అందడం లేదని అందులో తేలింది. వారిలో చాలామంది మొదట వెళ్ళేది భూతవైద్యుని వద్దకో, బస్తర్ పల్లెలలోనైతే గునియా వద్దకో. నమ్మకం మనసుకు ధైర్యమిస్తే ఇవ్వనీయండి, కాని అది మందుకు బదులు కారాదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో నిప్పంటుకున్నప్పుడు, గొలుసులతో కట్టివేసి ఉన్నందున తప్పించుకోలేక 28 మంది రోగులు మరణించారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగిని గొలుసులతో బంధించడాన్ని నిషేధించింది.

కనుక ఇంట్లో ఇటువంటి మార్పు కనిపించినప్పుడు వెంటనే ప్రాజెక్టు ఆసుపత్రి వైద్యునితో చెప్పండి. ఆయన సలహాపై విశాఖపట్నంలోనో, రాయపూర్‌లోనో మానసిక వైద్య నిపుణునికి చూపించవచ్చు. టెలీ మానస్ వారి 14416 నంబరుకు ఫోను చేసి సలహా పొందవచ్చు; ఇది ఉచితం. కొంచెం నెమ్మదించగానే మందులు మానరాదు. మానితే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ. చనిపోతానని రోగి అంటే తేలికగా తీసుకోక, ఒంటరిగా విడువక, అదే రోజు వైద్యుని వద్దకు తీసుకువెళ్ళాలి. నిత్యం తప్పులు పట్టి సాధించే ఇంట్లో జబ్బు తరచుగా తిరగబెడుతుందని లండనులోను, చండీగఢ్‌లోను జరిగిన పరిశోధనలు తెలిపాయి. మెల్లగా, ముక్తసరిగా, ఒక్కొక్క మాటగా చెప్పండి. వాదనకు దిగకండి.

పొరుగువారి బాధ్యత కూడా తక్కువేమీ కాదు. కోలుకుంటున్న కుర్రవాడిని చూసి పిల్లలు గేలి చేస్తుంటే వారించండి. ఆ ఇల్లాలిని పేరంటానికి పిలవడం మానకండి. సొంత ఊరికి ఇన్ని మైళ్ళ దూరంలో ఉన్న మనకు ఇరుగుపొరుగే బంధువులు. వలస వచ్చిన మనిషిని కుంగదీసేది ఒంటరితనమైతే, దానిని తగ్గించడం కాలనీలో ప్రతి ఒక్కరికీ సాధ్యమైన పనే.