కచ్చా పాటకీ ఇజ్జత్ ఉంది



మన తిరుపతి, చిత్తూరు, మదనపల్లె ఇళ్లల్లో పిల్లోడు గిటార్ పట్టుకుంటే రెండు ఫైసలాలు వినిపిస్తాయి. ఒకటి హలాల్-హరామ్ గురించి. ఆ బహస్ ఉలమాలది, నేను దాంట్లోకి దూరను. రెండోది అబ్బాజాన్ నోటి నుంచి వస్తుంది: "బేకార్ షోర్! వఖ్త్ బర్బాద్!" నా ఝగడా ఈ రెండో దానితోనే. ఎందుకంటే ఈ మాట అనే పెద్దలే ఉర్సు రాత్రి తెల్లవార్లూ కూర్చుని ఖవ్వాలీ వింటారు. నుస్రత్ ఫతే అలీ ఖాన్ పేరెత్తితే చెవులు పట్టుకుంటారు.

ఆ నుస్రత్ సాబ్ గొంతు తెల్లోళ్ల మెహఫిల్ దాకా చేరిన దారిలో ఒక కచ్చా రాక్ ఆల్బమ్ ఉంది భాయిలారా. 1970లో లండన్‌లో రికార్డయిన 'ట్రెస్‌పాస్'. జెనెసిస్ అనే బ్యాండ్ రెండో ఆల్బమ్. ప్రోగ్రెసివ్ రాక్ అనేది అప్పుడప్పుడే నడక నేర్చుకుంటోంది. పాడిన పీటర్ గేబ్రియల్‌కు 20 ఏళ్లు, గిటార్ వాయించిన ఆంథోనీ ఫిలిప్స్‌కు 18. మనం పిల్లల్ని ఎంట్రన్స్ ర్యాంకు కోసం గదిలో పెట్టి తలుపేసే ఉమర్.

దాని ఐబులు దాచను. డ్రమ్స్ బిగుసుకుపోయి ఉంటాయి. రికార్డింగ్ మసకమసక. 'వైట్ మౌంటెన్'లో తోడేళ్ల కిస్సా చిన్నపిల్లల కథలాగే ఉంటుంది. 'విజన్స్ ఆఫ్ ఏంజెల్స్' పైకి లేవాల్సిన చోట లేవదు. ఆరు పాటల్లో ముకమ్మల్ అనదగ్గవి రెండే.

కానీ ఆ రెండూ వినండి. 'స్టాగ్నేషన్' దాదాపు 9 నిమిషాలు. అణుయుద్ధం నుంచి జాన్ కాపాడుకోవడానికి భూమి అడుగున తనను తాను పూడ్చుకున్న ఒక దౌలత్‌మంద్ తన్హాయీ అది. పన్నెండు తీగల గిటార్లు మెల్లగా మొదలవుతాయి, ఆర్గన్ చేరుతుంది, పాట పొరలు పొరలుగా పెరుగుతుంది. ఖవ్వాలీ తెలిసిన చెవికి ఈ నడక కొత్త కాదు. ఆలాప్, తర్వాత హమ్‌నవాల గొంతులు, చప్పట్లు, చివరికి తూఫాన్. రెండూ సబర్ ఉన్నోడికే ఇస్తాయి. ఆఖరి పాట 'ది నైఫ్' గుర్రం దౌడు. కత్తితో వచ్చిన ఇంఖిలాబ్ ఇంకో జాలిమ్‌నే గద్దె ఎక్కిస్తుందని చెప్తుంది.

తర్వాత ఏమైంది? స్టేజీ భయంతో ఫిలిప్స్ వెళ్లిపోయాడు. డ్రమ్స్ దగ్గరికి ఫిల్ కాలిన్స్ వచ్చాడు. బ్యాండ్ నడిచింది, పెద్దదయింది. గేబ్రియల్ 1975లో బయటికొచ్చి, 1982లో దేశదేశాల సంగీతం కోసం వోమాడ్ మేళా మొదలుపెట్టడానికి తోడయ్యాడు. మొదటి మేళాకే ఖర్జా మీద పడింది. అదే అక్టోబరులో పాత జెనెసిస్ దోస్తులు కలిసి ఒక్క రాత్రి కచేరీ చేసి ఆదుకున్నారు. 1985లో అదే వోమాడ్ స్టేజీ మీద నుస్రత్ సాబ్ పాడారు. 1990లో గేబ్రియల్ రియల్ వరల్డ్ లేబుల్ నుంచి ఆయన 'మస్త్ మస్త్' వచ్చింది. 1995లో అక్కడి నుంచే మన పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్ 'డ్రీమ్' వచ్చింది. ట్రెస్‌పాస్ లేకున్నా నుస్రత్ సాబ్ నుస్రత్ సాబే. కానీ ఆ 20 ఏళ్ల పిల్లోణ్ని "బేకార్" అని కూర్చోబెట్టి ఉంటే ఈ దర్వాజా ఎవరు తెరిచేవాళ్లు?

"పరాయి సంగీతం మనకెందుకు" అనేవాళ్లకూ జవాబుంది. 1919లో మన మదనపల్లెలోనే టాగూర్ పాట జనగణమనకు స్వరలిపి రాయడంలో చేయి వేసింది మార్గరెట్ కజిన్స్ అనే ఐరిష్ ఖాతూన్. హునర్ సరిహద్దు చూసుకుని రాదు.

హిఫ్జ్ చేసే బచ్చా ఆయత్‌లో తడబడితే ఉస్తాద్ ఏం చేస్తాడు? మళ్లీ చదివిస్తాడు. పదిసార్లు చదివిస్తాడు. చేతిలోంచి ముస్‌హఫ్ లాక్కోడు. ఇంట్లో మీ కొడుకు పాటకు, మీ బేటీ రాసే నజ్మ్‌కు కూడా అదే ఇన్సాఫ్ చెయ్యండి. తప్పు ఎక్కడుందో చెప్పండి, గట్టిగానే చెప్పండి. ఆ తర్వాత ఇంకోసారి వాయించమనండి.