రెప్ప పడేలోగా తలుపు!

బంజారాహిల్స్‌లోని బసవతారకం కేన్సర్ ఆసుపత్రిలాంటి చోట్ల రేడియేషన్ ఇచ్చే యంత్రం పేరు లీనియర్ యాక్సిలరేటర్. అది ఎలక్ట్రాన్లను చిన్న గొట్టంలో పరుగెత్తించి ఎక్స్‌కిరణాలు పుట్టిస్తుంది. గొట్టంలో గాలి ఉంటే ఎలక్ట్రాన్లు దానికి కొట్టుకుని చెదిరిపోతాయి. అందుకే లోపలంతా శూన్యం. గొట్టం చిన్నది, అన్నివైపులా మూసేసిందీ కాబట్టి కాపలా తేలికే.

కష్టమంతా ఇండోర్‌లో ఉంది. అక్కడి రాజా రామన్న సెంటర్‌లోని ఇండస్-2 చుట్టుకొలత 172.5 మీటర్లు. ఎలక్ట్రాన్లు గంటల తరబడి తిరగాలి కాబట్టి లోపలి పీడనాన్ని బయటి గాలి పీడనంలో దాదాపు లక్ష కోట్ల వంతుకు దించుతారు. వాటి నుంచి వెలువడే కాంతిని వాడుకోవడానికి చుట్టూ బీమ్‌లైన్లనే పక్కదారులుంటాయి. వాటిలో ఏదో ఒకదాని చివర పల్చటి బెరీలియం కిటికీ పగిలిందనుకోండి. గాలి ధ్వని కన్నా రెండు మూడు రెట్ల వేగంతో దూసుకొస్తుంది. ఇరవై మీటర్లు దాటడానికి సెకనులో యాభయ్యో వంతు చాలు. అది రింగులోకి చేరిందా, మళ్లీ గాలి తోడటం, గొట్టాలను వేడిచేసి తేమ పోగొట్టడం... రోజుల పని.

శూన్యం చెడితే ఎంత నష్టమో 2008 సెప్టెంబరు 19న జెనీవా దగ్గరి సెర్న్‌లో తెలిసింది. అక్కడ లోపలికొచ్చింది గాలి కాదు, హీలియం. అయస్కాంతాల మధ్య విద్యుత్ అతుకు ఒకటి తెగడంతో జరిగిన ప్రమాదమది. బీమ్ గొట్టాల్లోకి మసి చేరింది. 53 అయస్కాంతాలను పైకి తీయాల్సి వచ్చింది. మళ్లీ కిరణపుంజం తిరిగేసరికి 2009 నవంబరు.

బీమ్‌లైన్లలో గాలిని ఆపేది ఫాస్ట్ క్లోజింగ్ షట్టర్. సెకనులో వందో వంతులో, అంటే కంటిరెప్ప పడేలోగా మూసుకుంటుంది. కిటికీ దగ్గర సెన్సర్, రింగు దగ్గర షట్టర్. ఆ దూరమే దానికి దొరికే వ్యవధి. చాలనిచోట దారిలో అడ్డుపలకల గదులు పెట్టి గాలిని తికమకపెడతారు.

అయితే షట్టర్‌కు సాధారణంగా నీటి చల్లదనం ఉండదు. తీక్షణమైన కాంతి పడితే మాడిపోతుంది. అందుకని అదే క్షణంలో రింగులోని ఎలక్ట్రాన్లనూ వదిలేసుకుంటారు. పైగా అది పూర్తిగా బిగుసుకోదు. కొన్ని సెకన్లలో మూసుకునే గేట్ వాల్వ్ వెనకాలే వచ్చి దారి బిగిస్తుంది.

ఇక సెన్సర్ ఉత్తినే బెదిరితే? ఒక్క బీమ్‌లైన్ అబద్ధపు కేకకు మిగతా పరిశోధకులందరి పనీ ఆగిపోతుంది. అందుకే కొన్నిచోట్ల ఇద్దరు సాక్షులు కావాలంటారు. రెండు సెన్సర్లూ ఒకే మాట చెబితేనే తలుపు పడుతుంది.