బ్రేకు పైపు మండలంలోనే దొరకాలి

పల్లె రైతు హైదరాబాదులో అమీర్‌పేట, పంజాగుట్ట వైపు వచ్చే పనులు ముఖ్యంగా రెండు. పిల్లల్ని అమీర్‌పేటలో కోచింగుకు దించిపోవడం ఒకటి. ప్రమాదంలో దెబ్బతిన్న మనిషిని పంజాగుట్ట నిమ్స్‌కు తీసుకురావడం రెండోది. అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సు కొన్ని నెలల్లో నేర్పేస్తారు. నిమ్స్ ప్రయాణాన్ని తప్పించగల చిన్న పని ఒకటుంది: బండి కొలతకు సరిపడా బ్రేకు పైపు చేసి బిగించడం. అది సరిగ్గా తెలిసిన మనిషి మాత్రం చాలా మండలాల్లో దొరకడు.

2018 ఏప్రిల్‌లో నల్లగొండ జిల్లా వద్దిపట్ల దగ్గర, జూన్‌లో యాదాద్రి జిల్లా వేములకొండ దగ్గర కూలీలతో వెళ్తున్న ట్రాక్టర్లు అదుపు తప్పి కాలువల్లో పడ్డాయి. మొదటిదాంట్లో 9 మంది, రెండోదాంట్లో 15 మంది చనిపోయారు. వాటికి బ్రేకే కారణమని అనడం లేదు. ట్రాలీలో మనుషుల్ని ఎక్కించకూడదన్నదీ నిజమే. కానీ అదుపు తప్పిన ట్రాక్టరు ఎంత నష్టం చేస్తుందో ఆ రెండు ఊళ్లు చెబుతాయి. రెండు టన్నుల ట్రాక్టరు వెనక నాలుగైదు టన్నుల వడ్లు ఉంటే, పల్లంలో ట్రాలీయే ట్రాక్టరును తోస్తుంది. మన ఊళ్లలో తిరిగే ట్రాలీల్లో చాలావాటికి అసలు బ్రేకే లేదు. ఉన్నవాటికి పైపు పోతే చేతికి దొరికినదాంతో అతుకు పడుతుంది.

ఈ పనిలో అతుకు పనికిరాదు. గట్టిగా తొక్కినప్పుడు బ్రేకు పైపులో ఒత్తిడి చదరపు అంగుళానికి వెయ్యి పౌండ్లు దాటుతుంది. కారు టైరులో ఉండేది 30 పౌండ్ల దాకానే. ఫ్రిజ్ మెకానిక్ దగ్గరి రాగి గొట్టం వేస్తే బండి అదురుకు గట్టిపడి పగులుతుంది. ఉక్కు గొట్టం గానీ, రాగి-నికెల్ మిశ్రమం గొట్టం గానీ కావాలి. దాని చివరను బండికి తగ్గ ఫ్లేరు కొట్టి మలచాలి.

నట్టు దగ్గర ఇంకో మోసం ఉంది. 10 మిల్లీమీటర్ల మర, 3/8 అంగుళం మర చూపుకు ఒకేలా ఉంటాయి. 10 మిల్లీమీటర్ల రంధ్రంలో అంగుళం నట్టు ఎక్కుతుంది, బిగిసినట్టే అనిపిస్తుంది, ఒత్తిడికి ఊడి వస్తుంది. కారుతుంటే టెఫ్లాన్ టేపు చుట్టినా లాభం లేదు. ఆ జాయింటులో నూనెను ఆపేది ఫ్లేరు ముఖం, మర కాదు. ట్రాక్టరు హైడ్రాలిక్ నూనెతో నడిచే ట్రాలీ బ్రేకులో డాట్-3, డాట్-4 పోయకూడదు. డాట్ బ్రేకులో హైడ్రాలిక్ నూనె పోసినా రబ్బరు సీళ్లు ఉబ్బి బ్రేకు చెడుతుంది.

ఇవన్నీ పట్టించుకోనిది రైతేనని అనడం తేలిక. కల్లంలో వడ్లు, నెత్తిన మబ్బు ఉన్నప్పుడు ఒక నట్టు కోసం రాణిగంజ్ దాకా వెళ్లి రోజు పోగొట్టుకునేదెవరు? సరైన సామాను, పని తెలిసిన చెయ్యి దగ్గర్లో లేనప్పుడు తప్పు రైతు ఒక్కడిది కాదు.

తెలంగాణలో 65 ప్రభుత్వ ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలైంది. అక్కడ రోబోలతోపాటు ట్రాలీ బ్రేకు పనీ నేర్పాలి. కొలిచి పైపు చేసి, ఒత్తిడి పెట్టి పరీక్షించి ఇచ్చే బల్ల ఒకటి రైతులకు తెరిచి ఉంచాలి. అక్కడ నేర్చుకున్న కుర్రాళ్లు మండలాల్లో షెడ్లు పెట్టుకోవడానికి అప్పు ఇప్పించాలి. బ్రేకు లేని ట్రాలీని అమ్మనివ్వకూడదు. ఇవి ప్రభుత్వాన్ని మనం అడగాల్సినవి.

మనం చేసుకోవాల్సిందీ ఉంది. కోతలకు ముందు ప్రతి మండల సంఘం ఒక రోజు పెట్టి, మెకానిక్‌ను పిలిచి, ట్రాలీల బ్రేకులు, పైపులు చూపించాలి. ఎన్నింటికి బ్రేకు లేదో లెక్క రాసుకోవాలి. ఆ లెక్క చేతిలో ఉంటే కలెక్టరు ముందు మన మాటకు బలం ఉంటుంది.