మిషన్ని తిట్టకండి, బ్లేడు మార్చండి

గరాజులో బ్యాండ్‌సా పెట్టుకున్న మన సాఫ్టువేరు సోదరుల్ని ఎవర్ని కదిపినా ఒకటే పాట. "మిషన్ బాలేదండీ, కోత పక్కకి పోతోంది, చెక్క మాడిపోతోంది." దానికి వాళ్ళు చేసే వైద్యం ఏంటంటే కొత్త ఫెన్స్, కొత్త గైడ్లు, ఇంకా పెద్ద మోటారు. మిషన్‌తో పాటు వచ్చిన బ్లేడు మాత్రం అలాగే ఉంటుంది!

దీని వెనక ఓ మూఢనమ్మకం ఉంది: పళ్ళు ఎక్కువుంటే కోత బాగుంటుందని. మెగాపిక్సెళ్ళు చూసి కెమెరా కొనడం లాంటిదే ఇదీను.

లెక్క చూడండి. 6 అంగుళాల పలకని నిలబెట్టి, రెండు పలచటి పలకలుగా చీలుస్తున్నారనుకుందాం. అంగుళానికి 14 పళ్ళున్న బ్లేడు వేస్తే ఒకేసారి 84 పళ్ళు చెక్కలో ఉంటాయి. పన్నుకీ పన్నుకీ మధ్య గుంట ఉందే, పొట్టుని బయటికి మోసేది అదే. ఇన్ని పళ్ళు ఇరికించాక ఆ గుంటకి చోటెక్కడిది? పొట్టు నిండిపోతుంది. పళ్ళు కొయ్యడం మానేసి రుద్దుతాయి. బ్లేడు వేడెక్కి వంకర పోతుంది. అప్పుడు మనవాడేం చేస్తాడు? ఇంకాస్త గట్టిగా నెడతాడు, తిరుగుతున్న బ్లేడు మీదికి! నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. పాడైన చెక్క మళ్ళీ కొనుక్కోవచ్చు, వేళ్ళు కొనుక్కోలేం కదా.

అదే పలకకి అంగుళానికి 3 పళ్ళుండే హుక్ బ్లేడు వేస్తే చెక్కలో ఉండేవి 18 పళ్ళే. పొట్టు హాయిగా బయటికి పోతుంది. కోత కాస్త గరుకుగా ఉంటుంది, నిజమే. చిత్రిక ఉన్నది అందుకేగా!

అలాగని అన్నిటికీ అదే వాడమనట్లేదు. పావు అంగుళం ప్లైవుడ్‌కి అది వేస్తే చెక్కలో ఒక్క పన్ను కూడా సరిగ్గా నిలవదు, అంచులు పీక్కుపోతాయి. సూత్రం చిన్నదే. చెక్కలో ఎప్పుడూ కనీసం 3 పళ్ళుండాలి, 6 నుంచి 12 ఉంటే మంచిది, 24 దాటనివ్వకూడదు.

ఇక వెడల్పు. అర అంగుళం బ్లేడు సుమారు రెండున్నర అంగుళాల వ్యాసార్ధం కన్నా చిన్న వంపు తిరగలేదు. పావు అంగుళంది 5/8 అంగుళం దాకా తిరుగుతుంది. "మరి నా 14 అంగుళాల మిషన్‌కి ముప్పావు బ్లేడు పడుతుందని మాన్యువల్లో ఉందే?" అంటారా? పడుతుంది బాబూ, కానీ దాన్ని కావల్సినంత బిగించే సత్తా ఆ చట్రానికి చాలాసార్లు ఉండదు. వదులుగా ఉన్న ముప్పావు కన్నా బాగా బిగించిన అర అంగుళమే సూటిగా కోస్తుంది.

కాబట్టి "అన్నిటికీ ఒకటే" అని అమ్మే బ్లేడుని నమ్ముకోకండి. రెండు కొనుక్కోండి. చీల్చడానికీ, సూటి కోతలకీ అర అంగుళం, 3 పళ్ళ హుక్. వంపులకి పావు అంగుళం, 6 పళ్ళది. రోజూ పలచటి ప్లైవుడ్డే కోసేవాళ్ళయితే మూడోదిగా ఆ 14 పళ్ళది ఉంచుకోండి, దాని చోటు అదే. బ్లేడనేది అరిగిపోయే సరుకు, మొద్దుబారితే మొహమాటపడకుండా తీసిపారేయండి.

ఈ వారాంతం కొత్త మిషన్ కోసం వెతికేముందు, ఉన్న బ్లేడుకి అంగుళానికి ఎన్ని పళ్ళున్నాయో లెక్కపెట్టండి. ప్లగ్గు పీకేసి మాత్రమే సుమా!