అందరూ వేసే ద్రాక్షే మనమూ వేయాలా?

ఏ కోర్సుకు డిమాండ్ ఉంటే అందరం అటే పరిగెత్తుతాం. ఇది మన క్యాంపస్‌ల జబ్బే అనుకుంటాం గానీ, ఇటలీలోని సిసిలీ ద్వీపం రైతులకూ ఒకప్పుడు ఇదే పట్టుకుంది.

దశాబ్దాల పాటు సిసిలీ వైన్ ట్యాంకుల్లో బయటికి వెళ్లేది. ఉత్తర ఇటలీలో, ఫ్రాన్స్‌లో పల్చటి వైన్లకు రంగు, ఘాటు పెంచడానికి కలిపేవారు. సీసా మీద మాత్రం సిసిలీ పేరుండేది కాదు. పేరు తెచ్చుకుందామని 1980, 90ల్లో చాలామంది షార్డనే, మెర్లో లాంటి ఫ్రెంచ్ రకాలు నాటారు. వైన్ బాగానే వచ్చింది. కానీ అవే రకాలు కాలిఫోర్నియాలో, చిలీలో, ఆస్ట్రేలియాలోనూ ఉన్నాయి. మరి సిసిలీదే ఎందుకు కొనాలి?

జవాబు పాత తోటల్లోనే దొరికింది. ఎట్నా అగ్నిపర్వతం వాలుల్లో, లావా మట్టిలో నెరెల్లో మస్కలేజె, కార్రికాంటె ద్రాక్షలు. పాంటెలెరియా దీవిలో గాలి దెబ్బ తగలకుండా గుంటల్లో పొదల్లా పెంచే జిబిబ్బో. ఈ సాగు పద్ధతిని 2014లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. విట్టోరియాలో లేత రంగు ఫ్రప్పాటోను చిక్కటి నెరో దావొలాతో కలిపి చేసే వైన్‌కు 2005లో డీఓసీజీ హోదా వచ్చింది. ఇటలీలో వైన్‌కు అదే అత్యున్నత గుర్తింపు.

అదే విట్టోరియాలో 1980లో ముగ్గురు కుర్రాళ్లు తమ ఇంటిపేర్ల మొదటి అక్షరాలతో 'కాస్' అనే సంస్థ పెట్టారు. తర్వాత మట్టి జాడీల్లో వైన్ చేయడం మొదలుపెట్టారు. వారిలో ఒకరి మేనకోడలు ఆరియానా ఓక్కిపింటి మిలాన్‌లో వైన్ తయారీ చదివి, ఊరికి తిరిగొచ్చి ఇరవైల్లోనే సొంత వైన్ తెచ్చింది.

వీళ్లది నేచురల్ వైన్ దారి. ఇడ్లీ పిండిలో మనం ఈస్ట్ వేయం కదా, దానంతటదే పులుస్తుంది. ఇక్కడా అంతే. ప్యాకెట్ ఈస్ట్ ఉండదు, సల్ఫైట్లు అతి తక్కువ లేదా అసలుండవు. అలాగని వదిలేస్తే కుదరదు. శుభ్రత, ఉష్ణోగ్రత, ఆమ్లత మీద కన్ను వేసి ఉంచాలి. ఏమరుపాటుగా ఉంటే వైన్ కాస్తా వెనిగర్ అవుతుంది. అంటే సహజంగా చేయాలంటే సైన్స్ ఇంకా ఎక్కువ తెలియాలి.

మనకు పనికొచ్చేది ఈ మాటే. స్థానికం అన్నంత మాత్రాన విలువ రాదు, చదువు తోడవ్వాలి. తీగ కాపుకు రావడానికే మూడేళ్లు పడుతుంది, ఓపికా కావాలి. పైథాన్ మానేయమని కాదు. అది క్లాసులో అందరికీ వచ్చు. దానికి తోడు మీ ఊరి పంట గురించో, మీ ఇంటి వృత్తి గురించో మీకు మాత్రమే తెలిసింది ఏముంది? ఈసారి రెజ్యూమె తెరిచినప్పుడు ఆ ఒక్క లైన్ రాసి చూడండి.