కాంటనీసు పలుకుబడికి మన ఓనమాలు

పరభాషల నభ్యసింపగోరు మన విద్యార్థులు మొట్టమొదట ఇంగ్లీషు అక్షరములనే ముందిడుకొందురు. ఈ యలవాటు ఏ భాషకు జెల్లినను, హాంకాంగు, మకావులయందును, ఇప్పుడు గ్వాంగ్జౌ యనబడు కాంటను పట్టణప్రాంతమునందును వ్యవహారములోనున్న కాంటనీసు భాషకు మాత్రము చేటు తెచ్చునని నా యభిప్రాయము. తెలుగువాడు దానిని తన వర్ణమాలతోనే యారంభింపవలెను.

కారణము వినుడు. 1993వ సంవత్సరమున హాంకాంగు భాషాశాస్త్ర సంఘమువారు ఏర్పఱచిన రోమను లేఖనపద్ధతిలో మాటల మొదట వచ్చు హల్లులు 19. వానిలోని బి, డి, జి యక్షరములను జూచి మనవారు బ, ద, గ యని చదువుదురు. కాని గ, ద, బ యను సరళములు ఆ భాషలో లేనేలేవు! ఆ ‘జి’ మన కకారము. ఆ ‘కె’ మన ఖకారము. కై యనిన కోడి, ఖై యనిన సెలయేఱు. రెంటికిని స్వరస్థాయి యొక్కటే. భేదమంతయు నూపిరిలోనే యున్నది. ఆ పద్ధతి పేరు ‘యుత్‌ఫింగ్’ కాగా, ఇంగ్లీషు చదువరులు ‘జ్యుట్పింగ్’ అందురు. పేరులోనే రెండు హల్లులు చెడినవి.

అల్పప్రాణ మహాప్రాణ భేదము మన యోనమాలలోనే యున్నది. అంతమాత్రమున గర్వింప బనిలేదు. ‘ఖ’ వ్రాసి ‘క’ యని చదువు పిల్లలు మన బడులలో నెందఱు లేరు? ఫకారము గతి యింకను హీనము. ‘ఫలము’ అనునపుడు పెదవులు కలియుటకు మాఱుగా క్రిందిపెదవి పంటికి దగిలి ఇంగ్లీషు ‘ఎఫ్’ వెలువడుచున్నది. కాంటనీసులో నివి వేర్వేఱు హల్లులు. స్వరభేదము నటుంచి చూచినను, పెదవులు మూసి యూపిరితో ఫా యనిన భయపడుట, పంటి నంటించి యనిన పుష్పము, ఊపిరి వదలక పా యనిన తండ్రి. నోటియెదుట పలుచని కాగితము పట్టి పలుకుడు: ‘పా’కు గదలరాదు, ‘ఫా’కు ఎగిరిపడవలెను.

‘చాప’, ‘చుక్క’ లలోని దంత్యచకారము (ౘ) కూడ మనకు లాభమే. ప్రొద్దుటి పలుకరింపగు ‘ౘో సన్’ దానితోనే మొదలగును. తేనీటి పేరునకు ఆ ధ్వనికే యూపిరి చేర్పవలెను. దానికి మాత్రము మనకు లిపి లేదు. మ, స, హ, ల, య లను గూర్చి చెప్పవలసినది లేదు. వకారమునకు పెదవులు గుండ్రముగా జేయుడు. రేఫ మా భాషలో లేదు.

ఇక ఙకారము. దానితో మొదలగు తెలుగుమాట లేదని మన యుపాధ్యాయులు దానిని దాటివేయుదురు. ఇది నాకు సమ్మతము కాదు. ‘గంగ’ యనుచు రెండవ గకారము వెలువడకముందే నిలిచిన వచ్చు ధ్వని యదియే. కాంటనీసులో ఙో యనిన నేను, ఙౌ యనిన ఆవు. హాంకాంగు యువజనులలో ననేకులు ఙకారమును విడిచి ‘ఓ’ యనియు, ‘నేయ్’ (నీవు) అనుటకు ‘లేయ్’ అనియు బలుకుదురు. దీనిని అచ్చట ‘సోమరి పలుకు’ అని నిందించువారు గలరు. నిందతో మనకు బనిలేదు గాని, క్రొత్తగా నేర్చువాడు ముందు పూర్ణరూపమునే యభ్యసించుట మేలు. అతడు ‘నేయ్’ అని పలుకరింపగా ఎదుటివాడు ‘లేయ్’ అని బదులు పలికినచో కలవరపడ నక్కఱలేదు. దానికిని ‘నీవు’ అనియే యర్థము.